కొలిమి దగ్గర పుట్టిన గొంతు – కమరోన్ దె లా ఇస్లా

స్పెయిన్ దేశానికి దక్షిణపు కొసన, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున, ఉప్పు మళ్ల మధ్య శాన్ ఫెర్నాండో అనే ఊరుంది. చుట్టూ నీళ్లు, బురదనేల కావడంతో అక్కడివాళ్లు దాన్ని ఇప్పటికీ 'ఇస్లా' అంటారు. అంటే దీవి. ఆ ఊళ్లో గితానోలు ఉండే ఇరుకు వీధుల్లో 1950 డిసెంబర్ 5న హోసే మోంహే క్రుస్ పుట్టాడు. తండ్రి కమ్మరి. తల్లి బుట్టలు అల్లేది. ఇద్దరికీ పాట వచ్చు. ఎనిమిది మంది పిల్లల్లో ఇతను ఏడోవాడు. గితానోల పిల్లల్లో అరుదైన తెల్లటి ఒళ్లు, పసుపు రంగు జుట్టు, బక్క శరీరం చూసి బంధువు ఒకాయన అతనికి రొయ్య అని ముద్దుపేరు పెట్టాడు. స్పానిష్‌లో రొయ్యను కమరోన్ అంటారు. ఆ ముద్దుపేరే తర్వాత దేశమంతా తెలిసిన పేరైంది. కమరోన్ దె లా ఇస్లా, అంటే దీవి రొయ్య.

ఫ్లమెంకో అనే పాట పేరు విన్నవాళ్లు మనలో కొందరైనా ఉంటారు. గిటారు, చప్పట్లు, మడమలతో నేలను తన్నుతూ ఆడే ఆట, ఇవి సినిమాల్లో చూసే ఉంటాం. ఆ ఆట, ఆ గిటారు కన్నా ముందు అక్కడ ఉన్నది పాటే. ఆ పాటను తరతరాలుగా నిలబెట్టినవాళ్లలో గితానోలు ముఖ్యులు. స్పెయిన్‌లోని జిప్సీలను, అంటే రోమా జనాన్ని, గితానోలు అంటారు. వాళ్ల పెద్దల పెద్దలు దాదాపు వెయ్యేళ్ల కిందట మన దేశపు వాయవ్య ప్రాంతాల నుంచి బయల్దేరి, పారశీక, బైజాంటియం దేశాల మీదుగా యూరప్ చేరారని భాషను పరిశీలించిన పండితులు తేల్చారు. రోమానీ భాషలో నీటిని పానీ అంటారు. మన లంబాడీ ఇళ్లలో పాణి అన్నట్టే. అలాగని లంబాడీలూ రోమాలూ ఒకే తెగ అని చెప్పేస్తే మాత్రం అది తొందరపాటు. సభల్లో ఆ మాట తరచూ వినిపిస్తుంది గానీ రుజువు లేదు. మాటల చుట్టరికం ఉంది, దేశం చుట్టరికం ఉంది. అంతవరకు నిజం.

గితానోలు స్పెయిన్‌కు వచ్చినట్టు మొదటి రాత ఆధారం 1425 నాటిది. మొదట్లో యాత్రికులని ఆదరించారు. 1499లో రాజశాసనం వచ్చింది. తిరుగుడు మానేసి ఏదో ఒక దొర కింద స్థిరపడాలి, లేదా దేశం విడిచి పోవాలి అని. ఆ తర్వాత మూడు వందల ఏళ్లు వాళ్ల భాష మీద, బట్టల మీద, వృత్తుల మీద ఆంక్షలే. 1749 జూలైలో రాజు ఆరవ ఫెర్నాండో కాలంలో దేశమంతటా ఒకేసారి గితానో కుటుంబాలను పట్టి బంధించారు. మగవాళ్లను నౌకలు కట్టే ఆయుధశాలలకు పంపి వెట్టి చేయించారు. ఆడవాళ్లను, చిన్నపిల్లలను వేరుచేసి మరోచోట పెట్టారు. కొందరికి విడుదల దొరకడానికి దాదాపు పదిహేనేళ్లు పట్టింది. నేరస్థ జాతుల చట్టం కింద మన ఎరుకలవాళ్లు, మరికొన్ని జాతులు ఏం చూశారో ఇంట్లో విన్న పాఠకులకు ఇదంతా కొత్తగా అనిపించదు. ఆ మగవాళ్లను పంపిన చోట్లలో ఒకటి లా కర్రాకా ఆయుధశాల. అది శాన్ ఫెర్నాండో ఊరిలోనే ఉంది. కమరోన్ పుట్టిన వీధికి అది ఎంతో దూరం కాదు.

ఈ చరిత్రంతా ఎందుకంటే, ఫ్లమెంకోలో లోతైన పాట అని పేరున్న 'కాంతె హోందో' వింటే మొదట చెవిన పడేది ఆ ఏడుపే. పాట మాటతో మొదలుకాదు. 'అయ్' అనే ఒక మూలుగుతో మొదలవుతుంది. గాయకుడు ఆ ఒక్క అచ్చును పట్టుకుని గమకాలు వేస్తూ పైకీ కిందికీ తిప్పుతాడు. మనం వినే మామూలు స్వరాల మధ్య సందుల్లోకి కూడా ఆ గొంతు వెళ్తుంది. అందులో 'మార్టినెతే' అనే పాటకు గిటారు ఉండదు. కొలిమి దగ్గర పుట్టిన పాట అని దానికి పేరు. దాగలి మీద సమ్మెట పడే దెబ్బే దానికి తాళం. తండ్రి కొలిమి పక్కన పెరిగిన పిల్లవాడికి ఈ పాట ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. బడిలో సంగీత పాఠాలు లేవు. అతను నేర్చినదంతా చెవితో నేర్చినదే.

మొదట్లో ఆ పిల్లవాడి ఆశ పాట మీద కాదు, ఎద్దుల పోరు మీద. పెద్దయ్యాక పోరులో దిగేవాడిని కావాలనుకున్నాడు. తండ్రి ఉబ్బసంతో చనిపోయాక ఇల్లు గడవడం కష్టమైంది. ఎనిమిదేళ్ల వయసుకే అతను రన్‌కపీనో అనే స్నేహితుడితో కలిసి బస్సులు ఆగే చోట, దారి పక్క సత్రాల్లో పాడి చిల్లర తెచ్చేవాడు. ఊరి మొగదలలో 'వెంతా దె వర్గాస్' అనే పూటకూళ్ల ఇల్లు ఉండేది. పేరున్న గాయకులు, ఎద్దుల పోరు వీరులు, డబ్బున్నవాళ్లు అక్కడికి వచ్చి తెల్లవార్లూ తింటూ తాగుతూ పాటలు వినేవారు. కమరోన్‌కు అసలైన బడి అదే. అప్పట్లో అందరికన్నా పెద్ద పేరున్న మనోలో కరకోల్ ఒక రాత్రి అతని పాట విని పెద్దగా మెచ్చుకోలేదని, పిల్లవాడు ఆ మాట మనసులో పెట్టుకున్నాడని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. మెచ్చుకోని వాడి దగ్గర కూడా కమరోన్ నేర్చుకున్నాడన్నది మాత్రం అతని తొలి పాటలు వింటే తెలుస్తుంది. కరకోల్ పోకడ అందులో ఉంది. కాదిస్ పట్నంలో 'లా పెర్లా' అనే గితానో గాయని బులేరియా పాడే తీరు ఉంది. ఆంతోనియో మైరేనా కూర్చిన పాత బాణీలూ ఉన్నాయి.

పదహారేళ్ల వయసులో, మైరేనా దెల్ అల్కోర్ ఊళ్లో జరిగే కాంతె హోందో ఉత్సవంలో అతనికి మొదటి బహుమతి వచ్చింది. తర్వాత నాట్యబృందంతో ఊళ్లు తిరిగి మాడ్రిడ్ చేరాడు. 1968 నుంచి 'తోర్రెస్ బెర్మేహస్' అనే ఫ్లమెంకో వేదికలో పాడటం మొదలుపెట్టి పన్నెండేళ్లు అక్కడే ఉన్నాడు. టూరిస్టులు భోంచేస్తూ చూసే వేదిక అది. రోజూ రాత్రి పాడాలి. ఆడేవాళ్ల అడుగుకు తగ్గట్టు పాడాలి. ఈ పన్నెండేళ్ల చాకిరీ గురించి ఆయన అభిమానులు పెద్దగా మాట్లాడరు గానీ, తాళం మీద ఆయనకు దొరికిన పట్టు ఇక్కడ రాటుదేలిందే అని నాకనిపిస్తుంది. బులేరియా అంటే పన్నెండు మాత్రల చుట్టు, అందులో దెబ్బలు సమానంగా పడవు. కమరోన్ ఆ చుట్టులో మాటను ఆలస్యంగా ఎత్తుకుని, పడిపోతాడేమో అనిపించేంత దూరం లాగి, చివరి దెబ్బకు సరిగ్గా వచ్చి వాలేవాడు.

మాడ్రిడ్‌లోనే పాకో దె లూసియాతో జోడీ కుదిరింది. పాకో 1947లో అల్హెసీరస్ అనే ఓడరేవులో పుట్టాడు. గితానో కాదు. కానీ గితానోల మధ్యే పెరిగాడు. అతని గిటారు, ఇతని గొంతు కలిసి 1969 నుంచి 1977 దాకా తొమ్మిది రికార్డులు వచ్చాయి. ఇవి వింటే మొదట ఆశ్చర్యపరిచేది ఆ గొంతులోని తేట. పద్దెనిమిదేళ్ల కుర్రాడు తారస్థాయిలో, ఎక్కడా గీర లేకుండా, నీటి చెలమలా పాడతాడు. అయినా పాటలో ముసలివాళ్ల ఉప్పు ఉంటుంది. తొలి రికార్డుల్లో ఆయన కొత్తదనం కోసం పాకులాడలేదు. సోలేయా, సిగిరియ, ఫాందాంగో, బులేరియా, తాంగో వంటి పాత బాణీలన్నీ పెద్దల దగ్గర విన్నట్టే పాడాడు. ఏ బాణీ ఏ ఊరిదో, ఎవరి ఇంటిదో తెలిసి పాడాడు. తొందర లేదు. ఈ మొదటి నాలుగైదేళ్ల కమరోన్‌నే నేను ఎక్కువగా వింటాను.

1972 నాటి రికార్డు పేరు 'కనస్తేరా'. బుట్టలు అల్లే ఆవిడ అని అర్థం. తల్లి వృత్తి పేరది. మన ఎరుకలవాళ్ల ఇళ్లలో ఈత బరిగెలతో గంపలు అల్లినట్టే దక్షిణ స్పెయిన్‌లో గితానోలు రెల్లుతో బుట్టలు అల్లి అమ్మేవాళ్లు. ఆ పేరుతో కమరోన్, పాకో కలిసి ఒక కొత్త పాటరూపమే కట్టారు. ఫ్లమెంకోలో పాటరూపాలు ఎప్పుడో పెద్దలు కట్టినవే, కొత్తవి చేర్చకూడదు అని నమ్మేవాళ్లకు ఇది నచ్చలేదు. అయినా అప్పటికి పెద్ద గొడవ కాలేదు. గిటారు ఉంది, చప్పట్లు ఉన్నాయి, గొంతు గితానో గొంతే.

1970ల నడుమకు వచ్చేసరికి ఆ గొంతు మారుతూ వచ్చింది. 1975లో 'ఆర్తె ఇ మహెస్తాద్' విన్నవాళ్లకు అది కనిపిస్తుంది. తేట తగ్గి లోపల ఒక గరుకు మొదలైంది. చిన్నప్పుడు అవలీలగా అందుకున్న పైస్థాయిని ఇప్పుడు నెట్టి అందుకుంటున్నాడు. ఆ నెట్టుడులోనే ఒక కొత్త బాధ పుట్టింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన సినిమా పాటల లెక్కలో గొంతు బొంగురుపోతే అది లోపం. ఫ్లమెంకోలో అలా కాదు. జీర గొంతుకు అక్కడ 'అఫియా' అని ప్రత్యేకంగా పేరే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో పాడిన ఎల్ ఫియో అనే గితానో గాయకుడి గొంతు అలా ఉండేదని ఆయన పేరు మీదే పెట్టారు. కాబట్టి కమరోన్ గొంతు గరుకెక్కడాన్ని గితానోలు దిగజారడంగా చూడలేదు. కుర్రగొంతు పోయి మగగొంతు వచ్చిందన్నారు. రాత్రుళ్లు, పొగాకు, మందు కూడా అందులో పాలు పంచుకున్నాయి. ఆ మాట దాచక్కర్లేదు.

1977 తర్వాత పాకో తన కచేరీలతో ప్రపంచం తిరగసాగాడు. ఇద్దరి దారులు కొంతకాలం వేరయ్యాయి. తొమ్మిది రికార్డులకూ అండగా ఉన్న పాకో తండ్రి చేతుల నుంచి కూడా కమరోన్ బయటికొచ్చాడు. అప్పటికి స్పెయిన్‌లో ఫ్రాంకో నియంతృత్వం ముగిసి నాలుగేళ్లు కావస్తోంది. సెవిల్యా కుర్రాళ్లు రాక్ సంగీతాన్నీ ఫ్లమెంకోనూ కలిపి ఏవేవో చేస్తున్నారు. వాళ్లలో రికార్డో పచోన్ అనే నిర్మాత ఉన్నాడు. ఆయన సెవిల్యా దగ్గర ఉంబ్రేతే అనే పల్లెలోని తన ఇంటికి కమరోన్‌ను పిలిచాడు. కీకో వెనెనో వచ్చాడు. రైముందో అమదోర్ అనే గితానో గిటారిస్టు వచ్చాడు. అల్మేరియా నుంచి తోమాతితో అనే ఇరవై ఏళ్ల కుర్రాడు వచ్చాడు. అతనూ గితానోనే. తర్వాత కమరోన్ చివరి రోజు దాకా పక్కన గిటారు వాయించింది అతనే.

వీళ్లు కలిసి చేసిన రికార్డు 'లా లెయెందా దెల్ తియెంపో'. 1979లో వచ్చింది. కాలపు కథ అని అర్థం చెప్పుకోవచ్చు. అట్ట మీద 'దె లా ఇస్లా' లేదు. కమరోన్ అని మాత్రమే ఉంది. గడ్డం పెంచి, సిగరెట్ పట్టుకున్న నలుపు తెలుపు ఫోటో. లోపల ఎలక్ట్రిక్ గిటారు, బేస్, డ్రమ్స్, కీబోర్డు, ఫ్లూటు. పాటల్లో ఎక్కువ భాగం ఫెదెరీకో గార్సియా లోర్కా కవితలు. 1936లో ఫ్రాంకో పక్షం వాళ్లు కాల్చి చంపిన కవి ఆయన. గితానో కాకపోయినా గితానోల గురించి రాసినవాడు. ఒక పాటకు ఒమర్ ఖయ్యాం ఆధారం. ఒకటి కీకో వెనెనో కట్టిన హుషారు రుంబా.

చివరి పాట ఒక లాలి. లోర్కా నాటకంలోని లాలి. అందులో గిటారుకు బదులు సితార్ వినిపిస్తుంది. సెవిల్యాకు చెందిన గ్వాల్బెర్తో అనే వాద్యకారుడు దాన్ని వాయించాడు. వెయ్యేళ్ల కిందట మన నేల విడిచి వెళ్లిన జనం బిడ్డ పాడుతుంటే పక్కన మన వాద్యం తంత్రులు మోగాయి. అప్పటి రాక్ సంగీతకారుల మీద సితార్ మోజు ఉండేది కాబట్టి దీన్ని చుట్టాలు కలిసిన సంబరంగా మరీ పెంచి చెప్పనక్కర్లేదు. కానీ వినండి. సితార్ తంత్రి సాగే చోట కమరోన్ గొంతు కూడా అలాగే సాగుతుంది. రెండూ ఒకదాన్ని ఒకటి వెతుక్కున్నట్టు ఉంటాయి. తాళం దాదాపు కనిపించదు. పన్నెండు మాత్రల చట్రం మీద ఇరవై ఏళ్లు నిలబడ్డ మనిషి ఆ చట్రం దిగి పాడిన పాట ఇది.

ఈ రికార్డు ఆయన సొంత జనానికి నచ్చలేదు. కొనుక్కున్న గితానోలు అంగడికి తిరిగి తెచ్చి, ఇది కమరోన్ కాదు, మా డబ్బు మాకిచ్చేయండి అన్నారని స్పెయిన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన బతికుండగా ఆరు వేల ప్రతులు కూడా అమ్ముడుపోలేదు. విమర్శకుల్లో పాత పద్ధతివాళ్లు కోప్పడ్డారు. నొప్పించింది మాత్రం విమర్శకులు కాదు. పెళ్లిళ్లలో, పిల్లల బారసాలల్లో తన పాట పాడుకునే ఇళ్లవాళ్లే తన పాటను వెనక్కిచ్చేస్తే ఏ గాయకుడికైనా ఎలా ఉంటుంది?

ఇందులో ఒక పక్షమే న్యాయమని తేల్చడం నాకు కష్టం. ఆ గితానోలు మూర్ఖులు కారు. వాళ్ల భాష చాలావరకు పోయింది. తిరుగుడు పోయింది. కొలుములు మూతపడుతున్నాయి. వాళ్లదంటూ బయటివాళ్లు కూడా ఒప్పుకున్నది పాట ఒక్కటే. దాన్ని అందరికన్నా బాగా పాడేవాడు, తమలోంచి వచ్చినవాడు, డ్రమ్స్ పెట్టుకుని పాడితే అదీ పోయిందని వాళ్లు భయపడ్డారు. ఆంతోనియో మైరేనా లాంటి పెద్దలు జీవితమంతా ఊరూరా తిరిగి, మరుగున పడుతున్న బాణీలను ఏరి నిలబెట్టింది ఆ భయంతోనే. డీజే పెట్టె వచ్చాక డప్పు పక్కకు పోయిన తండాల్లో, గూడేల్లో ఈ భయం ఏమిటో అందరికీ తెలుసు. అవతల కమరోన్ వైపు చూస్తే, ఆయన పాత పాటను పారేసి రాలేదు. ఆ రికార్డులో డ్రమ్స్ కింద ఉన్నది బులేరియా దెబ్బే. గొంతు వంపులు వాళ్ల అమ్మ వంటింట్లో పాడినవే. బులేరియా పాడలేక రాక్ పాడినవాడు కాడు. బులేరియాలో ఇంకేం మిగల్లేదు అనిపించేంత పాడాక అటు వెళ్లినవాడు.

తర్వాతి రికార్డుకు ఆయన కొంత వెనక్కి తగ్గాడు. 1981లో 'కోమో ఎల్ ఆగ్వా' వచ్చింది. పాకో తిరిగి కలిశాడు, తోమాతితో ఉన్నాడు. బేస్ ఉంది గానీ హద్దులో ఉంది. 1983లో 'కాయే రెయాల్', 1984లో 'వివిరే'. ఈ మూడింటితో ఒక కొత్త దారి కుదిరింది. పాత పాట, కొత్త పొందిక. గితానోలు తిరిగి వచ్చారు. బండ్లలో, సంతల్లో, పెళ్లిళ్లలో కమరోన్ కాసెట్లు మోగాయి. కుర్రాళ్లు ఆయనలా జుట్టు పెంచారు. తల్లులు పిల్లల్ని ఎత్తుకొచ్చి ఆయన చేయి తల మీద పెట్టించుకునేవారని ఆ కాలపు వాళ్లు చెబుతారు. ఆయన స్వతహాగా బిడియస్తుడు. మాట తక్కువ. ఆ దేవుడి హోదా ఆయనకు బరువే అయ్యింది.

ఈ కాలంలో గొంతు ఎలా ఉంది? పూర్తిగా చినిగిన గుడ్డలా ఉంది. అదే మెచ్చుకోలు. పై స్వరం అందుకునేటప్పుడు రెండుగా చీలుతుంది. ఊపిరి మునుపటంత లేదు. కుర్రతనంలో ఒక్క ఊపిరిలో పాడిన చరణాన్ని ఇప్పుడు ముక్కలు చేసి పాడతాడు. కానీ ఎక్కడ ముక్క చేయాలో తెలిసినవాడు కాబట్టి ఆ ఆగడం కూడా పాటలో కలిసిపోయింది. ఊపిరి లేక ఆగిన చోటును విన్నవాడు అర్థం కోసం ఆగాడనుకుంటాడు. తర్వాత వచ్చిన కుర్రగాయకులు చాలామంది ఊపిరి నిండుగా ఉండి కూడా అక్కడే ఆగి పాడటం నేర్చుకున్నారు. ఒక మనిషి ఒంటి ఇబ్బంది ఒక తరానికి బాణీ అయిపోవడం అంటే ఇదే. 1987లో పారిస్‌లో పాడిన కచేరీ రికార్డు 1999లో బయటికి వచ్చింది. అందులో పక్కన తోమాతితో గిటారు, చప్పట్లు, అంతే. ఒంటరి గొంతు ఎంత అలసిందో, ఎంత బలంగా ఉందో రెండూ ఒకేసారి వినిపిస్తాయి.

హెరాయిన్ అప్పటికే ఆయన్ని పట్టుకుంది. 1980ల స్పెయిన్‌లో పేద వీధుల్లో ఎన్నో ఇళ్లను తిన్న మత్తు అది. గితానో వీధులను మరీ ఎక్కువగా తిన్నది. కచేరీలకు రాకపోవడం, వచ్చి రెండు పాటలు పాడి వెళ్లిపోవడం మామూలైంది. అయినా జనం టికెట్లు కొని ఎదురు చూసేవారు. 1976లో ఆయనకు పెళ్లైంది. నలుగురు పిల్లలు. ఇల్లు జిబ్రాల్టర్ దగ్గర లా లీనేయా పట్నంలో ఉండేది. ఇంట్లోవాళ్లు పడ్డ బాధ గురించి రాయడానికి ఇది చోటు కాదు.

1989లో 'సోయ్ గితానో' వచ్చింది. నేను గితానోని అని అర్థం. లండన్‌లోని రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా అందులో వాయించింది. పది సంవత్సరాల కిందట బేస్ గిటారుకే కోపం తెచ్చుకున్న జనం ఈసారి వయొలిన్ల గుంపును ఏమీ అనలేదు. అప్పటిదాకా ఫ్లమెంకోలో ఏ రికార్డూ అమ్మనంతగా అది అమ్ముడైంది. నాకు మాత్రం అందులో వాద్యాలు ఎక్కువై గొంతు వెనక్కి పోయినట్టనిపిస్తుంది. కానీ ఆ పేరు పాట, పెద్ద పట్నాల వేదికల మీద తన జాతి పేరును తలెత్తి చెప్పే పాట, గితానోలకు ఏమిచ్చిందో బయటినుంచి కొలవలేం.

1992లో చివరి రికార్డు 'పోత్రో దె రాబియా ఇ మియెల్' చేసేటప్పటికి ఒంట్లో సత్తువ లేదు. ఒక పక్క పాకో, ఒక పక్క తోమాతితో. ఇద్దరి గిటార్లు చేతులు పట్టి నడిపించినట్టు ఉంటాయి. ఆ జనవరిలో మాడ్రిడ్‌లోని ఒక విద్యార్థుల వసతిగృహంలో ఆఖరి కచేరీ పాడాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. అమెరికా దాకా వెళ్లి చూపించుకున్నా ప్రయోజనం లేకపోయింది. 1992 జూలై 2న బార్సిలోనా పక్కనున్న బదలోనా ఆసుపత్రిలో చనిపోయాడు. నలభై ఒక్క ఏళ్లు.

శవాన్ని శాన్ ఫెర్నాండోకు తెచ్చారు. లక్ష మందికి పైగా వచ్చారని అంచనా. శవపేటిక మీద కప్పిన వాటిలో రోమా జనం జెండా ఉంది. పైన నీలం, కింద ఆకుపచ్చ, మధ్యలో ఎర్రటి చక్రం. 1971లో లండన్ దగ్గర జరిగిన మొదటి ప్రపంచ రోమా మహాసభ ఒప్పుకున్న జెండా అది. ఆ చక్రం బండి చక్రమూ అవుతుంది, పుట్టిన దేశపు జెండాలోని చక్రానికి గుర్తూ అవుతుంది.

ఆయన పోయాక ఒక చేదు గొడవ బయటపడింది. ఇంటికి రావలసిన పాటల హక్కుల డబ్బు చాలా తక్కువని తెలిసింది. తొలి రికార్డుల్లోని పాటలు ఎక్కువగా పాకో తండ్రి పేరు మీద, మరికొందరి పేర్ల మీద నమోదై ఉన్నాయి. వాళ్లు మాటలు రాసినమాట, పాటలు కట్టినమాట నిజమే. కానీ ఫ్లమెంకోలో ఒక పాటను పాట చేసేది గాయకుడి గొంతు వంపు. ఆ వంపుకు కాగితం మీద గడి లేదు. పత్రికలు దీన్ని స్నేహితుల మధ్య తగవుగా రాశాయి. పాకో చాలా నొచ్చుకుని కొంతకాలం గిటారు ముట్టలేదు. నోటి పాటలు ఉన్న ప్రతి జాతికీ ఈ చిక్కు ఉంది. ఇంటి పాటను రికార్డు చేయించుకునే రోజున కాగితం మీద ఎవరి పేరు రాస్తున్నారో చూసుకోవాలి. మన దగ్గర కళాబృందాలు నడిపే పిల్లలు ఈ ఒక్క సంగతి కోసమైనా కమరోన్ కథ తెలుసుకోవాలంటాను.

2000లో ఆండలూసియా ప్రభుత్వం, ఫ్లమెంకో గాయకులకు అత్యున్నత గౌరవమైన 'బంగారు తాళంచెవి'ని ఆయనకు మరణానంతరం ప్రకటించింది. ఒకప్పుడు అదే తాళంచెవి పాత బాణీల కాపలాదారు మైరేనాకు 1962లో దక్కింది. 1979 నాటి ఆ రికార్డును ఇప్పుడు స్పెయిన్ సంగీతంలోనే ముఖ్యమైన వాటిలో ఒకటిగా లెక్కపెడతారు. దాన్ని వెనక్కిచ్చేసిన వాళ్ల మనవలు దాన్ని వింటూ పాట నేర్చుకుంటున్నారు. 2021లో శాన్ ఫెర్నాండోలో, చిన్నప్పుడు ఆయన పాడిన పూటకూళ్ల ఇంటి పక్కనే, ఆయన పేర మ్యూజియం తెరిచారు.

వినాలనుకునే పాఠకులు ఇంటర్నెట్‌లో ఇవన్నీ వినవచ్చు. ముందు 1969 నాటి మొదటి రికార్డులోని బులేరియా వినండి. తర్వాత 1972 నాటి 'కనస్తేరా'. ఆ తర్వాత 1979 నాటి సితార్ లాలి. పారిస్ కచేరీ దాని తర్వాత. మాటలు అర్థం కావు, ఫర్వాలేదు. 'అయ్' అని ఎత్తుకునే చోట చెవి పెట్టండి. నాలుగు చోట్లా అదే 'అయ్'. నాలుగు చోట్లా అది వేరు. ఇంట్లో పాటలు తెలిసిన అవ్వో తాతో ఉంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వినిపించండి. ఏ పాటకు వాళ్లు తల ఊపుతారో, ఏ పాటకు మొహం చిట్లిస్తారో చూసి మన సంఘానికి రాయండి.